సెకండ్‌హ్యాండ్ హాట్ హ్యాచ్‌బ్యాకా, కొత్త మామూలు హ్యాచ్‌బ్యాకా?

రెండూ ఒకే ధరకి దొరుకుతున్నప్పుడే ఈ గందరగోళమంతా. 1976లో ఫోక్స్‌వ్యాగన్ కారు గోల్ఫ్ జీటీఐ 110 హార్స్‌పవర్‌తో వచ్చినప్పటి నుంచీ హాట్ హ్యాచ్ సూత్రం ఒకటే: రోజువారీ చిన్న కారులో గట్టి ఇంజిన్.

ఖర్చు: కొత్తదానికి వారంటీ ఉంటుంది. పాతదానికి కొన్న ధర మొదటి వాయిదా అనుకోండి, ఎందుకంటే వెడల్పాటి టైర్లు, పెద్ద బ్రేక్ డిస్కులు, క్లచ్, ఇన్సూరెన్స్ అన్నీ బరువే.

రిస్క్: కొత్తదాంతో పెద్దగా లేదు. పాతదాంతో అసలు భయం కారు కాదు, ముందు ఓనరు. రీమ్యాప్ చేయించి (అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి), బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలి తోసే ఒత్తిడి, పెంచి నడిపి, అమ్మే ముందు మళ్లీ మామూలుగా మార్చేసి ఉండొచ్చు. అందుకే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే, అది టర్బో సీల్సయినా పిస్టన్ రింగులయినా బిల్లు పెద్దదే.

సౌకర్యం: హాట్ హ్యాచ్‌ది గట్టి సస్పెన్షన్, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. ఇక్కడ కొత్తదే మేలు.

ఆనందం: పోలికే లేదు. నాది నెలలో రెండుసార్లు షెడ్డుకెళ్లిన రోజులున్నాయి, కానీ ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో టర్బో అందుకుని వీపు సీటుకి అతుక్కుంటే ఆ టెన్షనంతా ఎగిరిపోయేది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు, పొద్దున్నే టైముకి ఆఫీసుకి చేరాలి అంటే కొత్తదే తీసుకోండి. ఇంకో బండి ఉండి, రిపేర్లకి కొంత డబ్బు పక్కన పెట్టగలిగి, నమ్మకమైన మెకానిక్ దొరికితే మాత్రం సర్వీస్ రికార్డు పక్కాగా ఉన్న హాట్ హ్యాచ్ కొనేయండి.