డాక్టర్ పెప్పర్ పుట్టిన వేకోలో నాన్నతో రెండు రోజులు

టెక్సస్‌లో డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది వేకో దగ్గర గ్యాస్ కొట్టించుకుని కాఫీ తాగి బయల్దేరిపోతారు. ఎనిమిదేళ్లుగా నేనూ అంతే. ఈసారి ఊళ్లోకి వెళ్లడానికి కారణం మా నాన్న. చీరాలలో ఆయన ఇరవై రెండేళ్లు గోళీ సోడా కొట్టు నడిపారు. ఈ దేశంలో డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింక్‌కి ఒక మ్యూజియం ఉందని, అదీ మన ఇంటికి వంద మైళ్ల లోపేనని చెప్పగానే, "ఎప్పుడు వెళ్దామే అమ్మాయ్?" అని క్యాలెండర్ ముందు నిలబడ్డారు.

ట్రాఫిక్ లేకపోతే డాలస్ పక్కన మేముండే అర్వింగ్ నుంచి గంటన్నర ప్రయాణం. దారిలో వెస్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. చెక్ దేశస్థులు వచ్చి స్థిరపడ్డ ఊరు. అక్కడి బేకరీల్లో దొరికే కొలాచీలు అనే మెత్తటి బన్నులు బాగుంటాయి. శాకాహారులు మాత్రం పండ్లవో, చీజ్‌వో అని అడిగి తీసుకోవాలి, కొన్నిట్లో సాసేజ్ పెడతారు. అమ్మకి ఆప్రికాట్‌ది నచ్చింది. దారికని ఇంకో నాలుగు కట్టించింది.

మ్యూజియం డౌన్‌టౌన్‌లోనే ఉంది. 1906లో డాక్టర్ పెప్పర్ సీసాలు నింపడానికే కట్టిన ఎర్ర ఇటుకల భవనం అది. బయట గోడలో కొంత భాగం ఇటుకల రంగు వేరుగా కనిపిస్తుంది. 1953 మే 11న వచ్చిన టోర్నడోలో భవనం దెబ్బతింటే మళ్లీ కట్టారు. ఆ రోజు వేకోలో 114 మంది చనిపోయారు. లోపలికి వెళ్లే ముందు ఒక్క నిమిషం ఆగి ఆ గోడ చూడండి.

లోపల పాత మందుల షాపు నమూనా ఉంది. కథంతా అక్కడే మొదలైంది. 1885లో వేడ్ మోరిసన్ అనే ఆయన మందుల షాపులో చార్లెస్ ఆల్డర్టన్ ఫార్మసిస్ట్‌గా చేసేవాడు. అప్పట్లో అమెరికాలో మందుల షాపులోనే సోడా ఫౌంటెన్, అంటే సిరప్‌లో సోడా కొట్టి ఇచ్చే కౌంటర్ కూడా ఉండేది. రకరకాల పండ్ల సిరప్పుల వాసనలన్నీ కలిసి షాపులో ఒక ఘుమఘుమ తేలుతూ ఉండేదట. ఆ వాసనని రుచిగా పట్టుకోవాలని ఆల్డర్టన్ సిరప్పులు కలిపి కలిపి చూశాడు. కోకాకోలా పుట్టింది ఆ మరుసటి ఏడాది, 1886లో. అంటే దేశమంతా దొరికే పెద్ద డ్రింకుల్లో ఇదే పెద్దన్న. మొదట్లో దీనికి పేరే లేదు. జనం కౌంటర్ దగ్గరికొచ్చి "ఒక వేకో కొట్టు" అని అడిగేవాళ్లట. డాక్టర్ పెప్పర్ అనే పేరు పెట్టింది మోరిసన్. ఎందుకు పెట్టాడన్నదానికి కథలు చాలా ఉన్నాయి. ఒక డాక్టర్ గారి అమ్మాయిని ప్రేమించాడన్నది వాటిలో బాగా పాకిన కథ, దానికి రుజువేమీ లేదు. ఇంగ్లీషు పేరులో 'డాక్టర్' తర్వాత ఉండే చుక్కని 1950లలో తీసేశారు.

నన్ను పట్టేసిన విషయం ఇంకొకటి. ఇంత పేరొచ్చిన డ్రింకుని కనిపెట్టిన ఆల్డర్టన్‌కి దాన్ని వ్యాపారం చేసుకోవాలనే ఆశ లేదు. ఫార్ములా మోరిసన్‌కి వదిలేసి తన మందుల పనిలోకి తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మోరిసన్, కూల్‌డ్రింకులు తయారుచేసే రాబర్ట్ లేజన్‌బీ కలిసి బాట్లింగ్ కంపెనీ పెట్టారు. 1904లో సెయింట్ లూయీస్ వరల్డ్ ఫెయిర్‌లో ఇది దేశం మొత్తం కంట్లో పడింది. 1923లో కంపెనీ డాలస్ వెళ్లిపోయింది. ఇప్పుడు దాని రెండు హెడ్డాఫీసుల్లో ఒకటి మన తెలుగువాళ్లు కిక్కిరిసిన ఫ్రిస్కోలోనే ఉంది.

నాన్న ఎక్కువసేపు ఆగింది పాత సీసాలు నింపే యంత్రం దగ్గర. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. వంగి కిందనుంచి చూశారు. "గ్యాస్ ఇటునుంచి వస్తుంది. సీసా ఇక్కడ కూర్చుంటుంది. మనది తలకిందులుగా తిప్పితే గోళీ వచ్చి వాషర్‌కి అతుక్కుంటుంది. వీళ్లకి గోళీ లేదు, మూత కొట్టాలి, అంతే తేడా" అన్నారు. ఎడమ మణికట్టు మీద పొడుగు మచ్చని బొటనవేలితో రుద్దుకుంటున్నారు. నేను మూడో క్లాసులో ఉండగా సీసా పేలి తెగిన గాయం అది. ఆ రోజు కూడా చేతికి కట్టు కట్టించుకుని సాయంత్రం కొట్టు తెరిచారు.

పాత సీసాల మీద 10, 2, 4 అని గడియారం బొమ్మ ఉంటుంది. రోజులో ఆ వేళలకి ఒంట్లో సత్తువ తగ్గుతుందని, అప్పుడు కాస్త చక్కెర పడితే ఓపిక వస్తుందని 1920లలో జరిగిన ఒక పరిశోధనని పట్టుకుని చేసిన ప్రచారం. షుగర్ ఉన్న అమ్మకి చదివి వినిపిస్తే చేత్తో వద్దని ఊపింది. నాన్నకి అన్నిటికంటే బాగా అర్థమైంది 1963 నాటి కోర్టు తీర్పు. ఇది కోలా కాదని డాలస్‌లో ఫెడరల్ కోర్టు తేల్చింది. దాంతో వేరే కోలా పెట్టకూడదని ఒప్పందం ఉన్న కోక్, పెప్సీ బాట్లర్లు కూడా దీన్ని నింపి అమ్మే వీలు కలిగింది. "ఫ్రిజ్ ఇచ్చి, ఇందులో మా సీసాలే పెట్టాలి అంటారే, ఆ గొడవే ఇది" అన్నారు నాన్న.

సోడా ఫౌంటెన్ల దగ్గర నల్లజాతి వాళ్లని కూర్చోనివ్వని రోజుల గురించి కూడా ఒక విభాగం ఉంది. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు కౌంటర్ దగ్గర కూర్చుని లేవకపోవడంతో ఆ వివక్ష మీద ఉద్యమం ఊపందుకుంది. మా ఊళ్లో టీ కొట్టు బయట వేలాడిన వేరే గ్లాసులు అమ్మకి గుర్తొచ్చాయి. చాలాసేపు మాట్లాడలేదు.

చివర్లో ఉండే సోడా ఫౌంటెన్ తప్పకుండా కూర్చోవాల్సిన చోటు. సిరప్ పోసి, సోడా కొట్టి, పొడుగు చెంచాతో కలిపి ఇస్తారు. ఇంట్లో క్యాన్ తాగినప్పుడు దగ్గు మందులా ఉందన్న అమ్మ ఇక్కడ రెండు గుక్కలు తాగి గ్లాసు వెంటనే ఇవ్వలేదు. 23 రుచుల కలయిక అంటారు. నాకైతే చెర్రీ, బాదం తెలిశాయి. నాన్నకి మాత్రం సుగంధి సోడా పోలిక తగిలింది.

మొత్తం చూడ్డానికి మాకు మూడు గంటలు పట్టింది. లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. సొంతంగా సోడా కలిపే అనుభవానికి విడిగా డబ్బు కట్టాలి. పదేళ్ల లోపు పిల్లలుంటే పెట్టండి, లేకపోతే ఆ డబ్బుతో ఐస్‌క్రీం వేసిన సోడాలు, అదే ఫ్లోట్లు, తాగండి.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. మొదటి రాత్రి హైవే పక్కన ఒక హోటల్ తీసుకున్నాం. కింది అంతస్తు కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. వెళ్లేసరికి రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ పనిచేయట్లేదు. అమ్మ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే నా కడుపు రగిలిపోయింది. గట్టిగా అడిగితే ఉదయానికి డబ్బు కొంత తిరిగిచ్చారు, కానీ రాత్రంతా లారీల చప్పుడు. రెండో రాత్రి డౌన్‌టౌన్‌కి దగ్గరలో వంటగది ఉన్న చిన్న అద్దె ఇల్లు దొరికింది. ఖర్చు కాస్త ఎక్కువైనా అదే నయం. అన్నం వండి గోంగూర పచ్చడితో తిని, బ్రేజోస్ నది దాకా నడిచాం. 1870 నాటి సస్పెన్షన్ వంతెన సాయంత్రం పూట బాగుంటుంది.

మ్యామత్‌లనే ఒకప్పటి ఏనుగు జాతి జంతువుల శిలాజాల దగ్గరికి మర్నాడు వెళ్లాం. తవ్వినచోటే, మట్టిలో ఎముకలు ఎలా ఉన్నాయో అలాగే చూపిస్తారు. పైన కప్పు ఉంది కాబట్టి ఎండ భయం లేదు. పిల్లలుంటే దీన్ని వదలొద్దు. పాత ధాన్యం గాదెల చుట్టూ షాపులు పెట్టిన సైలోస్ దగ్గర జనం ఎక్కువ. షాపింగ్ ఇష్టమైతే తప్ప గంట చాలు.

బయల్దేరేముందు నాన్న మ్యూజియం షాపుకి మళ్లీ తీసుకెళ్లమన్నారు. గాజు సీసా ఒకటి కొని, కారులోనే తాగేసి, నీళ్లతో కడిగి తువ్వాలులో చుట్టారు. చీరాల వెళ్లే సూట్‌కేసులో పచ్చళ్ల డబ్బాల స్థానంలో ఇప్పుడు అది ఉంది.