సింగపూర్ టూర్‌లో ‘గ్లూటెన్ ఫ్రీ భోజనం’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

అనంతపురంలో ఫారిన్ టూర్ ప్యాకేజీ బుక్ చేసుకునేవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో సీలియాక్ (గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) ఉన్నవాళ్లకు చెప్తున్నా.

మా పాపకు 11 ఏళ్లు. సీలియాక్ అని తెలిసి మూడేళ్లయింది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ రవ్వంత పడినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. మందు లేదు, జీవితాంతం పథ్యమే. ఇదంతా ఏజెంటుకు ఓపిగ్గా వివరించాను. "జైనులకే వేరే వంట చేయిస్తాం సార్, ఇదొక లెక్కా!" అంటూ స్పెషల్ డైట్ పేరుతో 6,000 రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. జైన్ భోజనంలో చపాతీ ఉంటుంది కదా అని నాకు అప్పుడే తట్టాల్సింది.

బెంగళూరులో విమానం ఎక్కాక పాప ముందుకొచ్చిన ట్రేలో పరాటా, పనీర్ కూర. అడిగితే, లిస్టులో పాప పేరు పక్కన ఏవీఎమ్ఎల్ అని ఉందన్నారు. అది ఇండియన్ వెజ్ భోజనం కోడ్. మాకు కావాల్సింది జీఎఫ్ఎమ్ఎల్, అంటే గ్లూటెన్ ఫ్రీ భోజనం కోడ్. పెద్ద విమాన సంస్థల్లో దీనికి మామూలుగా అదనపు డబ్బు తీసుకోరు, కాకపోతే కనీసం 24 గంటల ముందు చెప్పాలి. అంటే నా 6,000 దేనికి పోయినట్టు?

అసలు దెబ్బ సింగపూర్‌లో మనవాళ్ల హోటళ్లుండే లిటిల్ ఇండియాలో తగిలింది. ఏజెంటు కుదిర్చిన హోటల్లో గైడు "దోస తినిపించండి, బియ్యమే కదా" అన్నాడు. తప్పు నాది కూడా, సరే అన్నాను. సగం తిన్నాక చూస్తే గోధుమ రవ్వతో వేసే రవ్వ దోస కూడా అదే పెనం మీద పోస్తున్నారు. సాంబారులో ఇంగువ. డబ్బా ఇంగువల్లో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, మన ఇంట్లో ఉన్నదాని లేబుల్ కూడా ఒకసారి చదవండి. ఆ రాత్రి మొదలైన కడుపునొప్పి, వాంతులతో మర్నాడంతా పాప రూంలోనే. సెంటోసా దీవి చూడ్డానికి కొన్న టికెట్లు వృథా.

మిగిలిన మూడు రోజులు మమ్మల్ని కాపాడింది మా అమ్మ కట్టిచ్చిన ఎండు జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి. రొట్టెలు ఇంట్లో చేసినవే. అమ్మకానికి చేసేవాళ్లలో కొందరు రొట్టె విరగకుండా గోధుమపిండి కలుపుతారు. అక్కడి సూపర్ మార్కెట్లు మాత్రం నయం, గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ప్యాకెట్ మీద రాయడం తప్పనిసరి. సోయా సాస్ పడిన వంటల జోలికే పోలేదు, దాన్ని ఎక్కువగా గోధుమతోనే పులియబెడతారు.

తిరిగొచ్చి అడిగితే ఏజెంటు, "ఒక్క పూటకు ఏమైతాది సార్" అన్నాడు. గట్టిగా నిలదీస్తే 3,000 వెనక్కిచ్చాడు. మిగతాది వచ్చే టూర్‌లో తగ్గిస్తాడంట!

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు ఏజెంటు మాటతో ఆగకుండా, టికెట్ మీది పీఎన్ఆర్ నంబరుతో ఎయిర్‌లైన్స్‌కు మీరే ఫోన్ చేసి ఏ మీల్ కోడ్ పడిందో అడగండి. హోటల్ ఏర్పాటు గురించి ఏం ఒప్పుకున్నాడో వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర అది లేకనే సగం డబ్బు పోయింది.