వరల్డ్స్ వితౌట్ నంబర్ మీద మన జానపద సినిమాల శాండ్‌బాక్స్: చాలాకాలం ఆడాక నా రివ్యూ

కెవిన్ క్రాఫర్డ్ 2021లో తెచ్చిన వరల్డ్స్ వితౌట్ నంబర్ అనే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ రూల్‌బుక్‌తో (టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో ఆడే ఆట) మేము హైదరాబాద్ నల్లకుంటలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఆదివారాలు ఆడుతున్నాం, రెండు వానాకాలాలు దాటిపోయినయ్, క్యాంపెయిన్, అంటే వారం వారం సాగే ఒకే ఆట, ఇంకా నడుస్తనే ఉంది. పుస్తకంలో ఇచ్చిన ప్రపంచాన్ని పక్కన పెట్టేసి మన పాత జానపద సినిమాల లోకం పెట్టుకున్నాం, మాంత్రికులు, గుహలు, రాకుమార్తెలు, మాట్లాడే చిలకలు, ఎగిరే గుర్రాలు అన్నీ. మేం కూడా ఇట్లాంటిది మొదలుపెట్టొచ్చా అన్నా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అందుకే వాడిన అనుభవం అంతా ఒక్కచోట రాస్తున్నా.

శాండ్‌బాక్స్ అంటే కొత్తవాళ్లకి ఒక్క ముక్క. గేమ్ మాస్టర్ (జీఎమ్), అంటే ఆట నడిపించేవాడు, కథ ముందే రాసిపెట్టుకోడు. ఒక మ్యాప్ ఉంటది, అందులో ఊళ్లు, కోటలు, అడవులు, అక్కడక్కడా ఎవరి గొడవ వాళ్లది, ప్లేయర్లు ఎటు పోతే కథ అటు పోతది, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పాత సినిమాని గేమ్‌గా చేద్దాం అనగానే అందరూ కథని పట్టుకుంటారు. హీరో పుట్టుక, రాకుమారిని చూడడం, రాజు షరతు పెట్టడం, గుహ, క్లైమాక్స్. అట్లా చేస్తే మీ టేబుల్ దగ్గర కూర్చున్న ఐదుగురిలో ఒక్కడు హీరో, మిగతా నలుగురు వాడి వెంట తిరిగేవాళ్లు, పైగా సినిమా చూసినవాడికి తర్వాత ఏం జరుగుతదో ముందే తెల్సు. నేను చెప్పేది ఏందంటే సినిమాలోంచి హీరోని తీసేయండి, మిగతాదంతా అట్లనే ఉంచండి. హీరో రాకపోతే ఆ మాంత్రికుడు వచ్చే అమావాస్యకి ఏం చేసేవాడు, ఆ రాజు ఎవరికి పిల్లనిచ్చేవాడు, ఆ రాక్షసి ఇంకెన్ని ఊళ్లు తినేసేది, ఇవి రాసుకుంటే శాండ్‌బాక్స్ సగం రెడీ అయినట్టే.

1951 నాటి పాతాళ భైరవి తీసుకోండి. ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు ఉజ్జయినికి వచ్చిందే సాహసవంతుడైన ఒక కుర్రాడి కోసం, వాడిని బలిస్తే దేవత ప్రతిమ చేతికొస్తది. తోటరాముడు దొరికాడు కాబట్టి అది తోటరాముడి కథ అయింది, దొరక్కపోతే ఇంకో ఊళ్లో ఇంకొకడిని పట్టుకునేవాడు, ఎందుకంటే కథ మొదలవకముందే ఆయనకి ఒక పని ఉంది, దానికో లెక్క ఉంది, గుహలో గురువు కోసం కనిపెట్టుకుని ఉండే శిష్యుడున్నాడు. మనవాళ్ల విలన్లు హీరో కోసం ఎదురుచూస్తూ కూర్చోరు, సొంత పని మీద దేశాలు తిరుగుతుంటారు. ఇట్లాంటి విలన్ శాండ్‌బాక్స్‌కి దొరకడం కంటే ఇంకేం కావాలి?

ఈ పుస్తకం నాకు నచ్చిన మొదటి కారణం ఇక్కడే ఉంది. ఇందులో ఫ్యాక్షన్ రూల్స్ అని ఒక భాగం ఉంది, ప్రతి వర్గానికి యుక్తి, బలగం, సంపద అని మూడు అంకెలు, చేతికింద కొన్ని ఆస్తులు, ముందు ఒక లక్ష్యం. ప్లేయర్లు చూసినా చూడకపోయినా ఆట కాలంలో నెలకోసారి అట్లా ఆ వర్గాలు ఒకదానిమీద ఒకటి కదుల్తుంటయ్. మేము ఆ నెల లెక్కని అమావాస్యకి కట్టేశాం. మాంత్రికుడికి యుక్తి ఎక్కువ, బలగం బాగా తక్కువ, పక్క రాజ్యం సేనాపతికి బలగం ఎక్కువ, యుక్తి లేదు, రేవు పట్నం షావుకార్లకి సంపద తప్ప ఇంకేం లేదు. అమావాస్య దాటగానే నేను ఇంట్లో కూర్చుని పాచికలు వేసి ఎవరేం చేశారో చూసుకుంటా, వచ్చే ఆదివారం అవన్నీ పుకార్ల రూపంలో ప్లేయర్లకి చేరతయ్. ఒకసారి వీళ్లు ఉత్తరం పోయి తేనెటీగల లోయలో తిరుగుతుంటే దక్షిణాన సేనాపతి రాజుని జైల్లో పెట్టేసి సింహాసనం ఎక్కేశాడు, తిరిగొచ్చి చూస్తే కోట గుమ్మం మీద జెండా మారింది. ఆ రోజు టేబుల్ దగ్గర కేకలు చూడాలి మీరు. ఎవరూ రాయని కథ అది, పాచికలు వాటంతట అవే తెచ్చిపెట్టినయ్, అయినా అచ్చం కాంతారావు సినిమా సెకండాఫ్ లెక్కనే ఉండింది.

రెండో మంచి విషయం ట్యాగుల పట్టికలు. ఊరికో శిథిలానికో రాజసభకో దాని తీరు చెప్పే ఒకట్రెండు ట్యాగులు తగిలిస్తాం, ప్రతి ట్యాగు కింద ఐదు రకాలు ఇస్తాడు: శత్రువులు, మిత్రులు, చిక్కులు, వస్తువులు, చోట్లు. వాటిలోంచి తలా ఒకటి తీసి కలిపితే ఒక సాయంత్రం ఆటకి సరిపడా సరుకు. నేను పాత సినిమాలు మళ్లీ చూస్తూ వాటిని కూడా ఇదే ఐదు గళ్లలో రాసుకున్నా. గులేబకావళి కథలో చూపు పోయిన రాజుకి చూపు తెచ్చే పువ్వు, అది వస్తువు. 1949 కీలుగుర్రంలో రాణిలా అంతఃపురంలో చేరి రాత్రిపూట ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేసే రాక్షసి, ఆమె శత్రువు, ఆ నింద అసలు రాణి మీద పడడం చిక్కు. ఇట్లా ఒక్కో సినిమాని విడగొట్టి, ఒకదాని శత్రువుని ఇంకోదాని చోటులో పెడితే సినిమా మొత్తం కంఠతా వచ్చినవాడు కూడా తర్వాత ఏంటో కనిపెట్టలేడు. పువ్వు కోసం పోయినవాళ్లకి ఆ తోట కాపలాగా ఏనుగుల్ని తినే రాణి ఎదురైతే? మా గ్రూపులో పెద్దాయన ఒకరున్నారు, ఈ సినిమాలన్నీ టూరింగ్ టాకీసుల్లో చూసిన మనిషి, ఆయనే ఆగిపోయి ఆలోచనలో పడ్డారు.

ఇంగ్లీషు గేముల్లో సాహసికులంతా సారాయి కొట్టులో కలుస్తారు. మాకు అది అవసరం పడలే. మనకి పేదరాశి పెద్దమ్మ ఉంది కదా. ఊరి చివర ఇల్లు, వచ్చిన బాటసారికి అన్నం పెడతది, ఏ రాజ్యంలో ఏం జరుగుతుందో అన్నీ ఆమెకే తెల్సు. ప్రతి పట్నంలో ఒక పెద్దమ్మని పెట్టి, ఆమె దగ్గర పుకార్ల పట్టిక పెట్టాను. కొన్ని నిజం, కొన్ని సగం నిజం. గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందని మన సిటీలో చిన్నప్పట్నుంచి వింటాం కదా, పేర్లు మార్చి దాన్నే మొదటి పుకారుగా వేశా. హెక్స్ మ్యాప్‌లో (ఆరు భుజాల గడులుండే మ్యాప్) ఒక్కో గడి ఆరు మైళ్లు, అంటే 10 కిలోమీటర్లకి కొంచెం తక్కువ, గోల్కొండ–చార్మినార్ దూరం సుమారుగా ఒక్క గడి. ఇట్లా కొలిచి చూపిస్తే ప్లేయర్లకి దూరం ఒంటికి తెలుస్తది, మ్యాప్ మీద భువనగిరి కోటంత దూరం అంటే ఎవరికీ వేరే వివరం చెప్పనక్కర్లే. మాంత్రికుడి కోటకి కూడా గోల్కొండ ప్లానే వాడుకున్నాం, ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడతది కదా, అదే మా కోటకి కాపలా. గుమ్మం కింద కత్తి చప్పుడైనా, ఎవడైనా దగ్గినా, పైన భూతాలకి తెలిసిపోతది. గుమ్మం దాటేదాకా మా వాళ్లు నిజంగా టేబుల్ దగ్గర గుసగుసగా మాట్లాడుకున్నారు.

ఇక ప్రాణం చిలకలో ఉండే సంగతి. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో దూరాన ఒక చిలకలో ఉంటది, అందుకే ఆయన్ని ఎదురుగా చంపలేరు. రోల్‌ప్లేయింగ్‌లో ఇది చాలా గొప్ప సరుకు, ఎందుకంటే కత్తి పట్టుకుని ఎదురెళ్లి గెలవలేని విలన్ ఉంటే ప్లేయర్లు తప్పకుండా మ్యాప్ మీద తిరగాల్సిందే. మేము పెట్టుకున్న సొంత రూల్: మాంత్రికుడి హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలకి తట్టుకుంటాడనే లెక్క, సున్నాకి వచ్చినా మర్నాడు చంద్రోదయానికి లేచి కూర్చుంటాడు. చిలక జాడ చెప్పే ఆనవాళ్లు మూడు, మూడు వేరువేరు చోట్ల, ఏ ఒక్కటి దొరికినా దారి తెరుచుకుంటది. ఒకటి మాత్రం కథలో ఉన్నట్టే ఉంచా. చెరలో ఉన్న రాణి. ఈ కథల్లో ఆమెని విడిపించాల్సిన వస్తువులాగా చూస్తారు చాలామంది, నాకు అది అస్సలు ఒప్పదు. నోము సాకు చెప్పి మాంత్రికుణ్ణి ఏళ్ల తరబడి దూరం పెట్టేది ఆమె, శత్రువు ఇంట్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి ఆమె. మా ఆటలో ఆమె సొంతంగా ఒక ఫ్యాక్షన్, బలగం సున్నా, యుక్తి అందరికంటే ఎక్కువ, ప్లేయర్లకి రహస్యంగా కబుర్లు పంపేది ఆమెనే. ఒక చెల్లెలు మా గ్రూపులో కొత్తగా చేరినప్పుడు ఆ రాణి దాసి పాత్ర తీసుకుంది, ఇప్పుడు మా క్యాంపెయిన్‌లో అందరూ ఎక్కువగా ఇష్టపడే పాత్ర అదే.

ఫైటింగ్ గురించి చెప్పాలి. ఈ రూల్స్‌లో యుద్ధం తొందరగా తేలిపోతది, షాక్ అని ఒకటుంది, దెబ్బ గురి తప్పినా సరైన కవచం లేనివాడికి కొంత గాయం అవుతది, అందుకని మొదటి లెవెల్ వాళ్లు రెండు మూడు రౌండ్లలో పడిపోవచ్చు. సినిమాల్లో మెట్ల మీద, తివాచీల మీద, దీపస్తంభాల చుట్టూ తిరిగి తిరిగి కత్తియుద్ధం చేస్తారు కదా, ఆ సాగతీత ఇక్కడ రాదు. కానీ వారియర్ క్లాసుకి, అంటే యోధుడి రకం పాత్రకి, సీనుకోసారి తన తప్పిన దెబ్బని తగిలేలా చేసుకోవడమో, తనకి తగిలిన దెబ్బని తప్పించుకోవడమో చేసే అవకాశం ఉంది, అది మాత్రం అచ్చంగా కత్తి కాంతారావు వరస. పాతాళ భైరవిలో తోటరాముడి పక్కనుండే అంజిగాడి లాంటి మనుషులకి ధైర్యం పరీక్ష రెండు మామూలు పాచికలతో వేస్తాం, తప్పితే పారిపోతాడు. పారిపోయినవాడు తర్వాత సమయానికి తిరిగొచ్చే అవకాశం మేము సొంతంగా కలుపుకున్నాం, అది లేకపోతే జానపదం అనిపించదు.

మంత్రాల దగ్గర మాత్రం ఈ పుస్తకం మన లోకానికి నప్పదు, ఖరాఖండిగా చెప్తున్నా. అక్కడ మాంత్రికుడు అంటే మహా చదువు చదివి రోజుకి కొద్దిసార్లే పెద్ద పెద్ద మంత్రాలు వదిలే పండితుడు. మన సినిమాల్లో శక్తి ఎప్పుడూ వస్తువులో ఉంటది, మూలికలో, ప్రతిమలో, మంత్రదండంలో, అది ఎవడి చేతిలో ఉంటే వాడి మాట వింటది. పాతాళ భైరవిలో ప్రతిమ చేయి మారగానే మేడతో సహా రాకుమారి మాయమైపోలే? అందుకని మేము ఆ పండితుడి పాత్రని, అంటే హై మేజ్ క్లాసుని, ప్లేయర్లకి ఇవ్వలేదు, హీలర్‌ని మూలికా వైద్యుడిగా పెట్టుకున్నాం, మిగతా మాయంతా దొంగిలించడానికి వీలైన వస్తువుల్లో పెట్టాం. కోరిన కోరిక తీర్చే వస్తువు దొరికితే గేమ్ పాడైపోతదని చాలామంది జీఎమ్‌లు భయపడతారు. దాన్ని పోగొట్టుకోవడం కూడా అంతే తేలిక అని ప్లేయర్లకి తెలిస్తే ఏం పాడవదు, పైగా రాత్రి కాపలా ఎవరిది అని వాళ్లలో వాళ్లే గంటసేపు మాట్లాడుకుంటారు.

విఠలాచార్య గారి గురించి ఒక కథ చెప్పుకుంటారు, యాక్టర్ డేట్లు ఇవ్వకుండా సతాయిస్తే ఆ పాత్రని శాపం పెట్టి ఏ చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవారని. మాకు అది బంగారం లాంటి రూల్ అయింది. ఆదివారం ఆఫీసు పని పడి ఎవరైనా రాకపోతే వాళ్ల పాత్ర ఆ రోజుకి చిలక, పొట్టేలు, లేదా రాతి బొమ్మ. పంజరంలో పెట్టుకుని మోసుకెళ్తారు. వాళ్లు తిరిగి రాగానే శాపవిమోచనం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్లతో నెలల తరబడి గ్రూపు నిలబడింది అంటే సగం ఈ రూల్ పుణ్యమే.

చదవడానికి మాత్రం ఓపిక కావాలి, దాదాపు 400 పేజీలు, అక్షరాలు దట్టంగా ఉంటయ్, మొత్తం ఇంగ్లీషు. ప్లేయర్లకి నేను తెలుగులో రెండు పేజీలు రాసిచ్చాను, నైపుణ్యం పరీక్షకి రెండు పాచికలు, దాడికి ఇరవై ముఖాల డైస్, ఇంత తెలిస్తే చాలు కూర్చోవచ్చు. పీడీఎఫ్ ఫ్రీగా వస్తది, డబ్బులు పెట్టి కొనే డీలక్స్‌లో హీరోయిక్ పాత్రల (మామూలు కంటే బలమైన పాత్రల) రూల్స్ లాంటి అదనపు భాగాలుంటయ్, మేం ఇంతవరకు ఆడింది ఫ్రీ దాంతోనే, ఎక్కడా ఆగలేదు. జీఎమ్‌కి పనికొచ్చే పేజీలు కోఠిలో జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి, ఫోన్‌లో పట్టికలు వెతుక్కుంటూ ఆట ఆపొద్దు. మొదలుపెట్టేవాళ్లు ఫ్యాక్షన్లు మూడుకి మించి పెట్టుకోకండి, మ్యాప్ మీద ఒక పట్నం, ఒక పెద్దమ్మ, పక్కన రెండు శిథిలాలు, దూరంగా ఒక మాంత్రికుడు, ఇంతే వేసుకోండి, ప్రతి ఆట చివర వచ్చేవారం ఎటు పోతారు అని ప్లేయర్లని అడిగి అటు వైపు మాత్రమే తయారు చేసుకోండి. ఈ సలహా పుస్తకంలోనే ఉంది, మా వారం వారం పని గంటన్నరకి తగ్గింది దాంతోనే.