బాల్ పైథాన్ గుడ్లు: తల్లి దగ్గరే ఉంచడం మేలా, ఇంక్యుబేటర్ మేలా?

పాము గుడ్లు పెట్టగానే అందరూ పిల్లలు ఎన్ని వస్తాయనే లెక్కలో పడతారు. నేను మాత్రం ముందు తల్లిని చూడమంటాను. ఎందుకంటే ఆడ బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే చిన్న ఆఫ్రికా కొండచిలువ) గుడ్లు పెట్టడానికి దాదాపు నెల ముందు కుబుసం విడుస్తుంది, చాలా పాములు ఆ సమయానికే తిండి మానేస్తాయి, ఆ మీద కోడిగుడ్డు కంటే పెద్దవి నాలుగో ఆరో గుడ్లు పెట్టేసరికి వెన్ను పక్కల కండ కరిగిపోయి చర్మం ముడతలు పడి కనిపిస్తుంది.

గుడ్లు దాని దగ్గరే వదిలేస్తే ఇంకో రెండు నెలలు వాటిని చుట్టుకుని కూర్చుంటుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! చుట్ట బిగించి తేమ పోకుండా కాపాడుతుంది. కానీ మన వైపు అడవుల్లో ఉండే కొండచిలువలా (దాన్ని ఇంట్లో పెంచడం నేరం, అది వేరే సంగతి) కండరాలు వణికించి వేడి పుట్టించడం దీనికి రాదు, కాబట్టి పెట్టెలో వేడి సరిగ్గా లేకపోతే తల్లి ఉన్నా గుడ్లు దక్కవు. కొన్ని పాములు గుడ్లను చుట్టుకుని ఉండగానే చిన్న ఎలుకను తింటాయి, మాది మొదటిసారి ముట్టనే లేదు. గుడ్లు పెట్టిన రోజు 1,420 గ్రాములున్నది పిల్లలు బయటికొచ్చేసరికి 1,210కి దిగింది, ఆ రెండు నెలలూ నాకు ఒకటే టెన్షన్.

ఇంక్యుబేటర్‌లో పెడితే తల్లికి ఆ రెండు నెలల పస్తు తప్పుతుంది. వేడి 31, 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా, తేమ తగ్గకుండా ఉంచాలి. అందుకే థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) మంచిది కొనాలి, వేడి ఎక్కువైతే గుడ్లలోనే పిల్లలు పోతాయి. గుడ్డు పైభాగం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, తిప్పకుండా అదే వైపు పైకి ఉండేలా సర్దాలి. ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయకండి, గుత్తిగానే పెట్టేయండి. తర్వాత తల్లిని గోరువెచ్చని నీళ్లతో కడిగి పెట్టెలో అడుగున పరిచినదంతా మార్చేయాలి, గుడ్ల వాసన మిగిలితే అది ఖాళీ చోటునే చుట్టుకుని పడుకుంటుంది, తిండి వైపు చూడదు. మొదట పెద్ద ఎర వేయకండి, మామూలుగా తినేదాని కంటే చిన్నది ఇవ్వండి.

నా మాట అడిగితే మొదటి కాన్పుకీ బక్కచిక్కిన పాముకీ ఇంక్యుబేటరే. మంచి కండతో ఉండి, ఇంతకు ముందు పొదుగుతూ తిన్న పాము అయితే తల్లి దగ్గరే వదలండి, నేనూ వదులుతాను. ఏ దారి పట్టినా, గుడ్లు పెట్టాక పొట్ట కింద నెమ్మదిగా వేలితో తడిమి చూడండి. గట్టిగా ముద్దలా తగిలితే గుడ్డు లోపలే ఉండిపోయి ఉండొచ్చు, మీరు నొక్కి తీయబోకండి, పాములు చూసే డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి.

మా దాన్ని ఈ ఏడాది మగదానితో కలపలేదు. ఇప్పుడు 1,480 గ్రాములుంది, 1,700 దాటాకే ఆలోచిస్తాను.