అంతరిక్ష డేటా సెంటర్ మనకు పనికొస్తుందా? తిరుపతి నుంచి ఒక సర్వర్ రూమ్ మనిషి రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. మన ఆసుపత్రి, లాడ్జి, కాలేజీ డేటా పెట్టుకోవడానికైతే ఐదుకు ఒకటి. ఉపగ్రహాలు తీసే చిత్రాలను అక్కడికక్కడే చదివి, కావాల్సింది మాత్రమే కిందికి పంపడానికైతే ఐదుకు నాలుగు. ఒకే సర్వీసుకు రెండు రేటింగులు ఎందుకో కింద రాశాను.

నేను తిరుపతిలో చిన్న సర్వర్ రూముల కరెంటు, ఏసీ, యూపీఎస్ చూసుకుంటాను. స్కాన్ సెంటర్లు, లాడ్జీలు, కొన్ని కాలేజీలు. ఈమధ్య ఒక స్కాన్ సెంటర్‌లో పాత ఏసీలు తీసేసి కొత్తవి పెట్టాలని కొటేషన్ ఇస్తే, డాక్టర్ గారు ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. “ఏమ్మా, ఇకమీదట డేటా సెంటర్లన్నీ అంతరిక్షంలోనే పెడతారంట. పైన చలి ఉచితం, ఎండ ఉచితం. ఈ ఏసీలకు లక్షలు పోసే బదులు రెండేళ్లు ఆగితే పోదా?” అన్నారు. డబ్బు పెట్టే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. అందుకే ఏ కంపెనీ కొటేషన్ వచ్చినా ఎలా చూస్తానో దీన్నీ అలాగే చూశాను: కరెంటు, చల్లదనం, రిపేరు, లైను, ధర.

ఇది ఉత్త ఊహ అని కొట్టిపారేసే రోజులు పోయాయి. 2025 నవంబర్ 2న అమెరికాకు చెందిన స్టార్‌క్లౌడ్ కంపెనీ సుమారు 60 కిలోల ఉపగ్రహంలో ఏఐ పనులకు వాడే ఎన్విడియా హెచ్100 చిప్ ఒకటి పెట్టి ఫాల్కన్ 9 రాకెట్ మీద పంపింది. తర్వాత పైనున్న ఆ చిప్ మీదే ఒక చిన్న భాషా మోడల్‌కు శిక్షణ కూడా ఇచ్చారు. అదే ఆదివారం సాయంత్రం మా జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ 4,410 కిలోల సమాచార ఉపగ్రహం సీఎంఎస్-03ని మోసుకెళ్లింది. రెండు రోజులకు గూగుల్, ఏఐ చిప్‌లను పైనే నడిపే ‘ప్రాజెక్ట్ సన్‌క్యాచర్’ ప్రకటించింది. ప్లానెట్ అనే కంపెనీతో కలిసి 2027 మొదట్లో రెండు నమూనా ఉపగ్రహాలు పంపుతామంది. చైనా అయితే 2025 మే నెలలోనే 12 కంప్యూటింగ్ ఉపగ్రహాలను ఒకే రాకెట్‌లో పంపేసింది.

కరెంటు విషయంలో వాళ్లు చెప్పేది నిజం. పైన చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ పడుతుంది. మబ్బు లేదు, దుమ్ము లేదు. పగలూ రాత్రీ కలిసే గీత వెంట తిరిగే కక్ష్యలో పెడితే ఏడాదిలో ఎక్కువ భాగం ఉపగ్రహానికి నీడే తగలదు. అదే సోలార్ ప్యానెల్ కింద ఇచ్చేదానికి 8 రెట్లదాకా పైన ఇస్తుందని గూగుల్ లెక్క. నా పనిలో సగం టెన్షన్ కరెంటుతోనే. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బడం, సమయానికి జనరేటర్ మొరాయించడం, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ కొన్ని సెకన్లు. ఇవేవీ లేని చోటు అంటే నాకు నిజంగా ఆశగా ఉంటుంది. నీళ్ల సంగతీ అంతే. పెద్ద డేటా సెంటర్లు చాలావరకు నీటిని ఆవిరి చేసి చల్లబడతాయి. బోర్లు వెయ్యి అడుగులకు దిగిన చిత్తూరు పల్లెలు చూసినదాన్ని, చుక్క నీరు అడగని డేటా సెంటర్‌ను తేలిగ్గా తీసిపారేయలేను.

పేచీ వచ్చేది చల్లదనం దగ్గర.

పైన చలి కాబట్టి సర్వర్లు వాటంతటవే చల్లబడతాయని డాక్టర్ గారే కాదు, చదువుకున్నవాళ్లు చాలామంది అనుకుంటారు. వేడి పోవాలంటే దాన్ని మోసుకుపోయేది ఏదో ఒకటి ఉండాలి. ఆ స్కాన్ సెంటర్ ర్యాక్ వెనక చెయ్యి పెడితే ఫ్యాన్ల గాలి చురుక్కుమంటుంది. ఆ గాలి తన వేడిని ఇండోర్ యూనిట్ కాయిల్‌కి ఇస్తుంది. కాయిల్‌లోని గ్యాస్ దాన్ని మిద్దె మీదికి తీసుకెళ్తుంది. అక్కడి ఫ్యాన్ బయటి గాలిలోకి తోసేస్తుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నా ఈ వరస ఆగదు, ఎందుకంటే గాలి ఉంది. ఔట్‌డోర్ కాయిల్ రేకుల సందుల్లో దుమ్మూ పావురాల ఈకలూ పేరుకుని గాలికి అడ్డుపడితే చాలు, లోపల ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. కాసేపట్లో రూములో అలారం మోగుతుంది. గాలి తగ్గితేనే ఇంత గోల. పైన గాలే లేదు.

అక్కడ వేడి పోయే దారి ఒక్కటే, సెగగా వెలువడటం. ఎండాకాలం రాత్రిపూట కపిలతీర్థం దగ్గర కొండ వారగా నడిచేవాళ్లకు ఈ సెగ తెలుసు. గాలి కదలకపోయినా పగలంతా కాగిన బండ వేడి మొహానికి తగులుతూనే ఉంటుంది. ఉపగ్రహానికి పెట్టే రేడియేటర్ రేకు చేసే పని అదే. అది ఎంత వేడి పంపగలదో స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రంతో లెక్కకట్టొచ్చు. 27 డిగ్రీల వేడి మీదున్న మంచి పూత రేకు రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు సుమారు 830 వాట్లు పంపుతుంది. ఎండ తగలనప్పటి మాట ఇది. భూమి నుంచి వచ్చే వేడి కూడా ఇందులో కలపలేదు. అవీ కలిపితే ఇంకా తగ్గుతుంది.

స్కాన్ సెంటర్ రూము వేడి 5 కిలోవాట్లు. దానికి 6 చదరపు మీటర్ల రేకు, అంటే మూడు తలుపులంత చాలు. కాబట్టి చిన్న సైజులో ఇది కచ్చితంగా పనిచేస్తుంది. ఒక్క చిప్‌తో స్టార్‌క్లౌడ్ చేసి చూపించింది కూడా. మెగావాట్‌కు వెళ్తే 1,200 చదరపు మీటర్లు కావాలి. గిగావాట్‌కు 12 లక్షల చదరపు మీటర్లు, మన భాషలో 300 ఎకరాల రేకు. విశాఖలో గూగుల్ కడతామన్న కేంద్రం ఆ గిగావాట్ స్థాయిదే. స్టార్‌క్లౌడ్ తన 5 గిగావాట్ల ప్లానులో ప్యానెళ్లూ రేడియేటర్లూ కలిపి 4 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు అని తనే చెప్పింది. ఇప్పటిదాకా మనుషులు పైన కట్టినవాటిలో అన్నిటికన్నా పెద్దది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దాని బయటి అమోనియా కూలింగ్ సిస్టమ్ బయటికి పంపేది 70 కిలోవాట్ల వేడి. అక్కడి నుంచి గిగావాట్‌కు ఎంత దూరమో మీరే చూడండి.

రేకును 27 నుంచి 60 డిగ్రీలకు పెంచితే ఒకటిన్నర రెట్లు వేడి పంపుతుంది, సైజు ఆ మేరకు తగ్గుతుంది. కానీ అప్పుడు చిప్‌లు ఇంకా ఎక్కువ వేడిలో పనిచేయాలి. వేడిలో నడిచిన చిప్ ఎక్కువ కాలం రాదు. ఇది కింద కూడా మేం రోజూ పడే తంటానే. ఏసీని 24లో పెట్టాలా 27లో పెట్టాలా అని ఓనర్లతో నడిచే వాదన ఇదే. తేడా ఏమిటంటే ఇక్కడ చిప్ పోతే మార్చుకుంటాం.

అక్కడ మార్చే మనిషి లేడు. ఈ రివ్యూలో నన్ను అన్నిటికన్నా ఆపింది ఇదే. 2024లో మెటా కంపెనీ తన లామా 3 ఏఐ మోడల్ శిక్షణ వివరాలు బయటపెట్టింది. 16,384 హెచ్100 చిప్‌లు, 54 రోజులు, అనుకోకుండా 419 సార్లు పని ఆగింది. సగటున మూడు గంటలకొకసారి. అందులో ఎక్కువ శాతం చిప్‌లు, మెమరీ లాంటి హార్డ్‌వేర్ గొడవలే. ప్రపంచంలో మంచి డేటా సెంటర్లలో ఒకటి, పక్కనే మనుషులు, స్పేర్‌లు, అయినా ఇంత. మా కుర్రాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని “అక్కా, మూడో ఫ్యాన్ పోయింది, మార్చేస్తున్నా” అని పది నిమిషాల్లో ముగించే పని పైన ముగియదు. 2010లో అంతరిక్ష కేంద్రం కూలింగ్‌లో అమోనియా పంపు ఒకటి పాడైతే వ్యోమగాములు మూడుసార్లు బయటికెళ్లి మార్చాల్సి వచ్చింది. మనుషులు ఉన్న చోటే అది.

దీనికి వాళ్ల దగ్గర ఒక జవాబు ఉంది. అసలు మనిషి ముట్టుకోకుండా సీలు వేస్తే తక్కువ చెడిపోతాయి అంటారు. అందులో నిజం లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లాండ్‌లోని ఓర్క్‌నీ దగ్గర సర్వర్లను పెద్ద డబ్బాలో మూసి, నైట్రోజన్ నింపి సముద్రంలో దించింది. 2020లో పైకి తీస్తే నేల మీదివాటితో పోలిస్తే ఎనిమిదో వంతే చెడిపోయాయి. నాకు ఆ ఫలితం చాలా నచ్చింది. కానీ ఆ డబ్బా చుట్టూ చల్లని సముద్రం ఉంది, అవసరమైతే క్రేన్‌తో తీసుకోగలిగారు. అంత బాగా వచ్చినా మైక్రోసాఫ్ట్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లలేదు.

రేడియేషన్ గురించి నేను భయపడినంత లేదు. గూగుల్ తన చిప్‌లను ప్రోటాన్ కిరణాల ముందు పెట్టి పరీక్షించింది. ఐదేళ్లలో పైన తగిలే మోతాదుకు దాదాపు మూడింతలు తగిలాకే మెమరీలో తేడాలు కనిపించాయి. ఇది మంచి మార్కులు పడే విషయం.

లైను గురించి రెండు ముక్కలు. గూగుల్ అనుకుంటున్న 650 కిలోమీటర్ల ఎత్తు పెద్ద దూరమేమీ కాదు, సిగ్నల్‌కు మిల్లీసెకన్ల పని. కానీ ఆ ఉపగ్రహం మన నెత్తిన నిమిషాలే ఉంటుంది. మిగతా వేళల్లో ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి లేజర్ మీద మోసుకుని ఎక్కడో దించాలి. లేజర్‌ను నేరుగా కిందికి దించాలంటే మబ్బు అడ్డం. తిరుపతిలో నవంబర్ ముసురు చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక ధర. ఎనిమిది హెచ్100 చిప్‌లుండే ఎన్విడియా డీజీఎక్స్ సర్వర్ బరువు 130 కిలోలు, గరిష్ఠంగా వాడే కరెంటు 10.2 కిలోవాట్లు. రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి సుమారు 89 వేల యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 7 లక్షలు, ఏసీ ఖర్చు కలిపితే 10 లక్షలు. ఐదేళ్లకు 50 లక్షలు. పైన మనకు మిగిలేది ఈ 50 లక్షలే. ఇప్పుడు మోత ఖర్చు చూడండి. ఫాల్కన్ హెవీ రాకెట్‌కు 2022లో ప్రకటించిన ధర 9.7 కోట్ల డాలర్లు, మోయగలిగేది గరిష్ఠంగా సుమారు 64 టన్నులు. కిలోకు తక్కువలో తక్కువ 1,500 డాలర్లు, లక్షా ముప్పై వేల రూపాయల దాకా. సర్వర్ డబ్బా ఒక్కదానికే కోటీ 70 లక్షలు. ప్యానెళ్లు, రేకు, పంపు, చట్రం అంతే బరువు తూగుతాయనుకున్నా 3 కోట్లు దాటుతుంది. అంటే 50 లక్షల బిల్లు తప్పించుకోవడానికి 3 కోట్ల మోత.

2030ల మధ్యకు కిలోకు 200 డాలర్ల కిందికి రావచ్చని గూగుల్ అంచనా. నా లెక్కలో వేసి చూస్తే అప్పుడు మోత 46 లక్షలు అవుతుంది, బిల్లుకు దగ్గరగా వస్తుంది. కాబట్టి వాళ్లు గాల్లో మాట్లాడటం లేదు. ఆ ధర వచ్చిన రోజున లెక్క మారుతుంది. ఈరోజు ఆ ధర లేదు. డాక్టర్ గారికి అదే చెప్పాను, కొత్త ఏసీలు పెట్టేశాం.

ఇప్పుడు నాలుగు మార్కుల సంగతి. పైన పుట్టే డేటాకు పైన కంప్యూటర్ ఉండాలన్నది నాకు పూర్తిగా నచ్చిన మాట. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ లాంటి రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి కూడా నేలను చూస్తుంది. అలాంటివి రోజుకు టెరాబైట్ల కొద్దీ డేటా పోగేస్తాయి. అదంతా కిందికి దించి, కింద లెక్కలు వేసి, మ్యాపు చేయాలంటే గంటలు పడుతుంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు వాగులైనప్పుడు ఏ చెరువు కట్ట మీద ఎంత నీరుందో అప్పటికప్పుడు తెలియడం ఎంత అవసరమో ఇక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు. చిత్రం తీసిన ఉపగ్రహంలోనే చిప్ దాన్ని చదివి, మునిగిన చోట్ల మ్యాపు ఒక్కటి పంపితే సరిపోతుంది. దానికి 300 ఎకరాల రేకు అక్కర్లేదు. మూడు తలుపులంత కూడా అక్కర్లేకపోవచ్చు.

ఈ పని మనవాళ్లు మొదలుపెట్టారు కూడా. హైదరాబాద్‌కు చెందిన టేక్‌మీటుస్పేస్ 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60తో వెళ్లిన పోయెమ్-4 మీద (రాకెట్ చివరి దశనే కక్ష్యలో ప్రయోగాలకు వేదికగా వాడుకోవడం) తన చిన్న ఏఐ ప్రయోగశాలను నడిపింది. పైనున్న కంప్యూటర్ సమయాన్ని కాలేజీ పిల్లలకూ చిన్న కంపెనీలకూ అద్దెకు ఇవ్వాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత పంపిన ఎంఓఐ-1 ఉపగ్రహం 2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62 విఫలమవడంతో పోయింది. ఆ వార్త చూసినప్పుడు బాధేసింది. కింద సర్వర్ పోతే బ్యాకప్ నుంచి తెచ్చుకుంటాం, ఏళ్ల శ్రమతో కట్టిన ఉపగ్రహం ఒక్క పొద్దున పోతే మళ్లీ కట్టుకోవాల్సిందే. ఒక మార్కు తగ్గించింది ఈ రిస్కుకే.

మా ఊళ్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామంది నన్ను ఈ రంగంలో ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఏఐ మోడళ్లు అందరూ నేర్చుకుంటున్నారు, మీరు వేడి నేర్చుకోండి అని చెబుతున్నాను. రేడియేటర్లు, పంపులు, తక్కువ కరెంటుతో నడిచే చిప్‌లు. పైన పెట్టినా కింద పెట్టినా ఆ పని తెలిసినవాళ్లు తక్కువే ఉన్నారు.

మీకెవరైనా ఈ సర్వీసు అమ్మజూపితే ఒక్కటి అడగండి: ఐదో ఏడు చివర మొదట పెట్టిన చిప్‌లలో నూటికి ఎన్ని పనిచేస్తాయని రాసిస్తారు? 2027లో గూగుల్ నమూనాలు ఎగిరాక నేను వాళ్ల ఫలితాల్లో వెతికేదీ ఆ సంఖ్యనే. అది బాగుంటే మొదటి రేటింగ్ మార్చి రాస్తాను.