అద్దం పెట్టె: రెండున్నరేళ్లు వాడాక నా మాట

2022 నవంబరులో నా మెదడు కుడివైపు రక్తం గడ్డకట్టి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. కాలు మూడు నెలల్లో ఈడ్చుకుంటూనో ఎలాగో నడిపించింది. చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్తే ఆన్‌లైన్లో ఈ అద్దం పెట్టె తెప్పించాం, 1,450 రూపాయలు.

చూడ్డానికి చిన్న గుడారంలా ఉంటుంది, ఓ పక్కన అద్దం. పడిపోయిన చేతిని లోపల దాచి, మంచి చేతిని అద్దం ముందు ఆడించాలి. అద్దంలో ఎడమ చెయ్యే గుప్పిట మూసి తెరుస్తున్నట్టు కనబడుతుంది. చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడ్డ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఈ కిటుకు పట్టారు. అదీ పక్షవాతానికి కాదు, తీసేసిన చేతిలో ఇంకా నొప్పి పుడుతోందని అల్లాడేవాళ్ళ కోసం. పక్షవాతానికి వాడటం ఆ తర్వాతి సంగతి.

చేతికి జబ్బయితే అద్దంతో పనేంటని నాకూ అనిపించింది. ఆ అనుమానం తీర్చింది ఓ ఆవులింత. ఒక మధ్యాహ్నం నోరు తెరిచి ఆవులిస్తే, ఎంత బతిమాలినా కదలని చెయ్యి తనంతట తానే జానెడు పైకి లేచింది. ఆవులింత అయిపోగానే మళ్ళీ ఒళ్ళో వాలింది. మావారు దేవుడి గదిలోకి పరిగెత్తారు. డాక్టరుగారు నవ్వి, "చెయ్యి బాగానే ఉందమ్మా, దానికి కబురు రావట్లేదు" అన్నారు. చెయ్యి ఎత్తమనే కబురు మెదడు పైపొరలో పుట్టి, కిందికి దిగి, మెడ పైభాగాన అటువైపుకి దాటి వెన్నుపాములోకి వెళ్తుందట. నాకు తెగింది ఆ దారి. ఆవులింత వేరే దారిన వస్తుంది. అంటే జబ్బు చేతిది కాదు, మెదడుది. అద్దం చూపించి నమ్మించాల్సిందీ దాన్నే.

రోజూ అరగంట. మొదటి మూడు వారాలూ వృథా, తప్పు నాదే. కుడిచేతికి గాజులున్నాయి, వాపుకి ఎడమచేతివి తీసేశారు. అద్దంలో గాజులు కనబడుతుంటే అది నా ఎడమ చెయ్యని మనసెలా ఒప్పుకుంటుంది? అవి తీసి పక్కన పెట్టి, టీవీ కట్టేశాక ఆరో వారంలో లోపల బొటనవేలు చిన్నగా అదిరింది. భ్రమేమోనని మా అమ్మాయిని వేలు పెట్టి చూడమన్నాను. నిజమే. ఇదంతా అద్దం గొప్పే అనను, వ్యాయామాలు కూడా నడుస్తూనే ఉన్నాయి.

ఇక వస్తువు సంగతి. అద్దం గాజుది కాదు, అక్రిలిక్. మధ్యలో వంగి బొటనవేలు అరటికాయలా కనబడేది. మెత్తటి బట్టతో తుడిచినా గీతలే. ఏడాదికి వెల్క్రో ఊడింది, అమ్మినవాళ్ళకి రెండుసార్లు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. చివరికి బజార్లో అద్దాల షాపులో 14 బై 18 అంగుళాల అద్దం అంచులు అరగదీయించి, వెనక ప్లైవుడ్ కొట్టించుకున్నాం. 380 రూపాయలు. అరచేతి గీతలతో సహా కనబడతాయి. పెట్టెకి 5కి 2, పద్ధతికి 4. కొనేముందు ఇంట్లో నిలువుటద్దం ఏదైనా ఉంటే దాన్నే పక్కకి తిప్పి చూడండి. కొందరికి అలా చూస్తుంటే తల తిరుగుతుందట, నాకైతే లేదు.

ఇప్పుడు చీర కట్టుకునేటప్పుడు కుచ్చిళ్ళు ఎడమ చెయ్యి పట్టుకుంటుంది, కుడిచేత్తో మడుచుకుంటాను. పట్టుకోవడం వచ్చినంత తేలిగ్గా వదలడం రాలేదు. పైన మెదడు నుంచి అదుపు తగ్గితే కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయట. చలికాలం పొద్దున్నయితే మరీను. దోపుకోవడం అయ్యాక ఒక్కో వేలూ కుడిచేత్తో విప్పుకుంటాను, చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి.