112 మెట్లు, ఒక ఫాయిల్ బోర్డు

రెండో బసలో గది నుంచి నీళ్ళ దాకా 112 మెట్లు. బుక్ చేసేటప్పుడు ఫొటోలో సముద్రం కిటికీకి ఆనుకుని ఉన్నట్టే కనపడింది. నిజంగానే ఆనుకుని ఉంది, కాకపోతే నిట్టనిలువునా కింద. మామూలు సర్ఫ్ బోర్డయితే చంకన పెట్టుకుని దిగిపోవచ్చు. హైడ్రోఫాయిల్ బోర్డంటే నీళ్ళలోని రెక్క మీద లేచి, నీటి పైన ఎగురుతున్నట్టు పోయే బోర్డు. దానికి అడుగున ముప్పావు మీటరు మాస్ట్ అనే నిలువు కడ్డీ, దాని చివర దాదాపు మీటరు వెడల్పు రెక్క ఉంటాయి. ఎటు తిప్పి పట్టుకున్నా ఏదో ఒకటి గోడకో మోకాలికో తగులుతుంది. మూడో రోజుకి నాకు అలలకన్నా ఆ మెట్లంటేనే భయం పట్టుకుంది.

మొత్తం తొమ్మిది రోజుల ప్రయాణం. మొదటి నాలుగు రోజులు ఒక సరస్సు దగ్గర, తర్వాతి ఐదు సముద్రం ఒడ్డున. సర్ఫింగ్ కాస్తో కూస్తో వచ్చు, ఫాయిల్ ఎక్కడం ఇదే మొదలు. సరస్సు దగ్గర బస చూడ్డానికి ఏమంత బాగుండదు. గది ఇరుకు, మంచం మీద పక్కకి తిరిగితే చాలు కిర్రుమంటుంది. కానీ గుమ్మం దాటి 40 అడుగులు వేస్తే రేవు. పడవల షెడ్డులో బోర్డు పెట్టుకోనిచ్చారు, పక్కనే మంచినీళ్ళ కుళాయి, పైపు. ఇవేవీ వాళ్ళ ప్రకటనలో లేవు. ఎవరూ దిగని స్విమ్మింగ్ పూల్ ఫొటోలు మాత్రం ఆరున్నాయి.

అక్కడ నేర్పినాయన మొదటి గంట నన్ను బోర్డు ఎక్కనివ్వలేదు. ముందు రెక్క విప్పి నా చేతికిచ్చి, నడుము లోతు నీళ్ళలో నిలబడి ముందుకు నెట్టమన్నాడు. బల్లపరుపుగా నెడితే మెత్తగా జారింది. ముందు అంచు వేలెడు పైకెత్తి నెట్టానో లేదో, చేతులు రెండూ భుజాల దాకా లేచిపోయాయి. విమానం రెక్క గాలిలో చేసే పనే ఇది నీళ్ళలో చేస్తుంది. రెక్క నీటిని కిందికి మళ్ళిస్తుంది, నీరు రెక్కని పైకి నెడుతుంది. నీటి సాంద్రత గాలికన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ కాబట్టి మనిషిని మోయడానికి ఇంత చిన్న రెక్క సరిపోతుంది. మాస్ట్ అడుగున పొడుగ్గా ఉండే కడ్డీని ఫ్యూజలాజ్ అంటారు. దాని ముందు కొసన పెద్ద రెక్క, వెనక కొసన స్టెబిలైజర్ అనే చిన్న రెక్క. తోకని కొద్దిగా కిందికి నొక్కి పట్టి, ముక్కు ఊగిపోకుండా చూడటం ఆ చిన్నదాని పని.

చిక్కంతా వేగంతోనే. వేగం రెట్టింపైతే లిఫ్ట్, అంటే రెక్కని పైకి నెట్టే బలం, నాలుగింతలవుతుంది. బోర్డు నీళ్ళమీద నుంచి లేవగానే అడుగున రాపిడి పోతుంది, దాంతో వేగం పెరుగుతుంది, దాంతో లిఫ్ట్ ఇంకా పెరుగుతుంది. ఆ క్షణంలో బరువు ముందు కాలి మీదికి వెయ్యకపోతే బోర్డు లేస్తూనే ఉంటుంది. చివరికి రెక్క నీళ్ళ పైకి వచ్చి, గాలి తగిలి, లిఫ్ట్ ఒక్కసారిగా పోతుంది. అప్పుడు బోర్డు పడటం కాదు, కూలుతుంది. మొదటి పొద్దుట నేను 11 సార్లు కూలాను. సర్ఫింగ్ అలవాటు కొద్దీ భయమేసినప్పుడల్లా వెనక కాలే నొక్కాను మరి. "కాసేపు మీకు సర్ఫింగ్ రాదనుకోండి" అన్నాడాయన.

పన్నెండోసారి ఏం సరిగా చేశానో నాకిప్పటికీ తెలియదు. బోర్డు కింద టపటపమని కొట్టుకునే నీటి చప్పుడు ఆగింది. మాస్ట్ సన్నగా ఈలవేసినట్టు మోగింది. ఐదారు సెకన్లు, అంతే.

ఆ ఐదారు సెకన్లలో సగం ఘనత పడవ నడిపినవాడిది. తాడు కట్టి లాగేటప్పుడు గంటకి 15 కిలోమీటర్ల దగ్గర ముల్లు కదలకుండా పట్టాడు. సముద్రం దగ్గర ఇంకో పడవాయన మాత్రం నేను తడబడినప్పుడల్లా సాయం చేద్దామని థ్రాటిల్ పెంచేవాడు. తడబడేవాడికి వేగం పెంచితే ఏమవుతుందో పైన చెప్పాను కదా. పాఠానికి డబ్బు కట్టేముందు పడవ నడిపేవాడికి ఫాయిల్ వచ్చో రాదో అడగండి. గదికి ఏసీ ఉందా అని అడగడం కన్నా ఇది ముఖ్యం.

ఇక రెక్కల సంగతి. నేను 78 కిలోలు, సామానుతో కలిపి 90 అనుకుందాం. మామూలు లెక్క వేసి చూస్తే, 2000 చదరపు సెంటీమీటర్ల ముందు రెక్క నన్ను గంటకి దాదాపు 13 కిలోమీటర్ల దగ్గరే లేపుతుంది. 1000 అయితే 18 దాకా కావాలి. కాగితం మీద తేడా ఐదే. కాళ్ళు వణికేవాడికి ఆ ఐదు చాలా ఎక్కువ. సరస్సులో వాళ్ళు అడక్కుండానే 2000ది ఇచ్చారు. సముద్రం దగ్గర అద్దె షాపులో "నాలుగు రోజులు ఎగిరారు కదా" అంటూ 1000ది, అదీ హై యాస్పెక్ట్ రకం, అంటగట్టారు. పొడుగ్గా సన్నగా సముద్రపక్షి రెక్కలా ముచ్చటగా ఉంది. నేనూ మురిసిపోయి తీసుకున్నాను, తప్పంతా వాళ్ళదే అననులెండి. అలాంటి రెక్క ఎగిరాక చాలా దూరం జారుతుంది. కానీ తేలడానికే వేగం కావాలి, వేగం తగ్గితే చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. అక్కడి అలలేమో చిన్నవి, నెమ్మదివి. రోజంతా తెడ్డు వేసినట్టు చేతులాడించి ఒక్కసారి కూడా లేవలేదు. మర్నాడు 1700ది, కాస్త పొట్టిగా వెడల్పుగా ఉన్నది మార్చుకున్నాక రెండో అలకే పది సెకన్లు ఎగిరాను.

చిన్న అలలకే ఇప్పుడీ బోర్డు ఎక్కువ పనికొస్తోంది గానీ, మొదలైంది మాత్రం పెద్ద అలలతోనే. 2000ల మొదట్లో హవాయిలో లెయిర్డ్ హామిల్టన్ అనే సర్ఫర్ బృందం, కూర్చుని లాగించుకునే ఎయిర్ చెయిర్ ఫాయిల్‌ని బోర్డుకి బిగించి, కాళ్ళకి స్నోబోర్డ్ బూట్లు తొడుక్కుని, జెట్‌స్కీ వెనక అలల్లోకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు బూట్లు లేవు, పడితే కాలు బోర్డు నుంచి విడిపోవాలి. పడేటప్పుడు బోర్డుని దూరంగా తన్ని పక్కకి పడాలి, తల చేతులతో కప్పుకుని పైకి రావాలి. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ తగ్గించే మందపాటి కోటు) లేకుండా దిగనిచ్చే చోటికి అసలు వెళ్ళకండి. ఈతగాళ్ళ మధ్యకి, సర్ఫర్ల గుంపులోకి ఈ రెక్క తీసుకెళ్ళడం ఎవరికీ మంచిది కాదు.

లోతు కూడా చూసుకోవాలి. సముద్రం దగ్గర నాలుగో సాయంత్రం ఆటుపోటు పట్టించుకోకుండా దిగాను. ఒడ్డుకి వస్తుంటే రెక్క ఇసుకకి తగిలి బోర్డు ఆగింది, నేను ఆగలేదు. రెక్క అంచున గోరంత గీత పడింది, డిపాజిట్ లోంచి కోసుకున్నారు.

బ్యాటరీతో నడిచే ఈ-ఫాయిల్ కూడా ఒక గంట అద్దెకి తీసుకున్నాను. రిమోట్ నొక్కితే వేగం స్థిరంగా ఉంటుంది కాబట్టి ఎగరడం ఎలా ఉంటుందో తొందరగా తెలుస్తుంది. సొంతంగా కొని ఊళ్ళు తిరుగుదామనుకుంటే కుదరదు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు దాటిన ఇలాంటి బ్యాటరీలు ఎక్కించనివ్వరు, వీటివి మామూలుగా వెయ్యి దాటి ఉంటాయి.

కొనేవాళ్ళకి నా మాట: బోర్డు రంగు తర్వాత చూడొచ్చు, ముందు రెక్క చూడండి. కొత్తలో బోర్డు ఘనపరిమాణం ఎన్ని లీటర్లంటే, మీ బరువు కిలోలకి ఇరవై ముప్పై కలుపుకుంటే నిలబడ్డానికి సుఖం. మాస్ట్ 75 సెంటీమీటర్లు చాలు. బోర్డు అడుగున పట్టాల మీద మాస్ట్ ప్లేటు బిగింపు చాలావరకు ఒకటే కొలత, కానీ ఒక కంపెనీ రెక్క ఇంకో కంపెనీ ఫ్యూజలాజ్‌కి మామూలుగా పట్టదు. కాబట్టి పెద్ద రెక్క కొంటూనే, రేపు దానికే బిగించుకోగల చిన్నది వాళ్ళ దగ్గర ఉందో లేదో అడగండి. అల్యూమినియం మాస్ట్ చవక, బరువు. కార్బన్ గట్టిగా, తేలిగ్గా ఉంటుంది, జేబు కూడా అలాగే తేలికవుతుంది. అల్యూమినియంలో స్టీలు స్క్రూలు ఉప్పునీళ్ళకి బిగుసుకుపోతాయి. ఏ రోజుకారోజు విప్పి, మంచినీళ్ళతో కడిగి, గ్రీజు రాయాలి. రెండో బసలో కుళాయి పైన, బోర్డు కింద. రెండు రోజులు బద్ధకించాను. మూడో రోజు ఒక స్క్రూ తల అరిగిపోయింది గానీ కదల్లేదు.

రెండో బస కిటికీలోంచి సూర్యోదయం మాత్రం అద్భుతం, కాదనను. బోర్డు లేకుండా వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా వెళ్ళొచ్చు.

వచ్చే ప్రయాణానికి మళ్ళీ సరస్సు వైపే ఒక చోటు చూశాను. ఇంటివాళ్ళకి రెండే ప్రశ్నలు పంపాను: నీళ్ళ దాకా ఎన్ని మెట్లు, కుళాయి ఎక్కడ. నిన్న జవాబొచ్చింది. మెట్లు నాలుగు, కుళాయి రేవులోనే ఉందట. మంచం సంగతి నేను అడగలేదు.